నాజీ జర్మనీ వదిలిపోయిన యూదు కుటుంబాల కాగితాలు, సామాన్లు: సర్దడం, చదవడం, దాచడం (సమగ్ర మార్గదర్శి)

1933 నుంచి 1941 అక్టోబరులో వలసకు దారులు మూసేసేదాకా జర్మనీ, ఆస్ట్రియాల నుంచి లక్షలాది యూదులు ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డారు. వాళ్లు వెంట తీసుకెళ్లిన పెట్టెలు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. ఇల్లు అమ్మేముందు అటక దులుపుతుంటే ఒకటి, పాత సామాన్ల అంగడిలో ఇంకొకటి, వేలంలో మరొకటి. లోపల ఉండేవి దాదాపు ఒకటే రకం: పాస్‌పోర్టు, పన్ను రసీదులు, జనన, వివాహ పత్రాలు, ఉత్తరాల కట్ట, ఆల్బం, నాలుగు వెండి చెంచాలు, ఎవరిదో బడి సర్టిఫికెట్.

ఇలాంటి పెట్టె మీ చేతికొస్తే ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇందులో ఏ కాగితాన్నీ విడిగా చదవకూడదు. పన్ను బాకీ లేదన్న పత్రం చూపించనిదే పాస్‌పోర్టు రాదు, పాస్‌పోర్టు లేనిదే వీసా రాదు. అమెరికా వలస వీసా చేతికొచ్చినా నాలుగు నెలల్లో ప్రయాణం కాకపోతే చెల్లదు. ఒకదాని గడువు తీరేలోపు ఇంకొకటి సంపాదించాలి. ఆ తొందర ఏ ఒక్క కాగితం మీదా రాసి ఉండదు, తేదీలు పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. అందుకే కాగితాలు చెదరకుండా చూడటం దగ్గరే పని మొదలవుతుంది.

1. మొదటి గంట

ఎక్కువ నష్టం జరిగేది ఇప్పుడే. ఆత్రంకొద్దీ కట్టలు విప్పేసి పాస్‌పోర్టులు ఒకచోట, ఉత్తరాలు ఒకచోట, ఫొటోలు ఒకచోట పోగులు పెట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఏ ఫొటో ఏ ఉత్తరంలో వచ్చిందో, ఏ రసీదు పాస్‌పోర్టు మధ్యలో మడిచి ఉందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

పెట్టె తెరిచి, ఏదీ కదపకుండా పైనుంచి ఫొటో తీయండి. ఒక్కో పొర తీసినప్పుడల్లా మళ్లీ తీయండి. ప్రతి కట్టకూ ఒక సంఖ్య, అందులోని ప్రతి కాగితానికీ ఉపసంఖ్య ఇవ్వండి: 1.1, 1.2, 1.3. సంఖ్యను 2బి పెన్సిల్‌తో, వెనకవైపు కింది మూలలో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ వద్దు, అంటించే చీటీలు అసలే వద్దు. కవర్లను పారేయకండి, స్టాంపుల కోసం కత్తిరించకండి. ఉత్తరంలో తేదీ లేనప్పుడు కవరు మీది పోస్టు ముద్రే ఆధారం.

కాగితాలకు గ్లౌజులు అక్కర్లేదు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు. నూలు గ్లౌజులతో వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫొటోలకు, నెగటివ్‌లకు, వెండికి మాత్రం నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి.

తడిగుడ్డ దగ్గరికి రానివ్వకండి. ఆ రోజుల్లో సంతకాలకు కాపీయింగ్ పెన్సిల్ విరివిగా వాడేవారు. చూడ్డానికి మామూలు పెన్సిల్ గీతలా బూడిదరంగులో ఉంటుంది, తేమ తగిలితే ఊదారంగుకు తిరిగి పక్కకు పాకుతుంది. రబ్బరు ముద్రల సిరా కూడా అంతే. దుమ్మును మెత్తటి బ్రష్‌తో మధ్యనుంచి అంచులవైపు దులపండి. బూజు కనిపిస్తే ఆ కట్టను వేరే గదిలోకి మార్చి, ఎన్95 మాస్కు పెట్టుకుని, ముందు ఆరనివ్వండి. పచ్చిగా ఉన్న బూజును దులిపితే అన్నిటికీ పాకుతుంది.

తుప్పు పట్టిన క్లిప్పును లాగితే కాగితం ముక్క దానితోపాటే వస్తుంది. క్లిప్పుకూ కాగితానికీ మధ్య రెండువైపులా పల్చటి పాలియెస్టర్ షీటు దూర్చి, క్లిప్పు కాళ్లను కొద్దిగా ఎడంచేసి, నెమ్మదిగా జార్చండి. అది ఏయే కాగితాలను పట్టి ఉంచిందో రాసుకోవడం మరవకండి.

2. తేదీల వరుస

జర్మన్ తేదీ మనలాగే రోజు, నెల, సంవత్సరం: 5.10.38 అంటే అక్టోబరు 5. ఈ కాగితాలు తర్వాత అమెరికాలో ఎవరి చేతికో వెళ్లి, పెన్సిల్‌తో మే 10 అని రాసి ఉండటం మామూలే. తర్వాతివాళ్ల రాతల్ని నమ్మకండి, చెరపనూ చెరపకండి. హెబ్రూ తేదీలుంటే సంవత్సరంలోంచి 3760 తీసేస్తే సుమారుగా మన లెక్క వస్తుంది. 5699 అంటే 1938 సెప్టెంబరు చివరి నుంచి 1939 సెప్టెంబరు వరకు.

ఒక పెద్ద తెల్లకాగితం మీద నిలువుగా నెలలు వేసి, ప్రతి పత్రం సంఖ్యనూ దాని నెల ఎదురుగా రాయండి. గడువున్న పత్రాలకు ఎప్పటిదాకా చెల్లుతాయో గీత గీయండి. తర్వాత ఈ కింది మైలురాళ్లను దాని మీద గుర్తుపెట్టండి. పత్రం ఆ తేదీకి ముందుదా తర్వాతిదా అన్నది చాలా సంగతులు చెబుతుంది.

రైష్‌ఫ్లుఖ్ట్‌ష్టాయర్, అంటే దేశం వదిలిపోయేవాళ్ల మీది పన్ను. దీన్ని నాజీలు పుట్టించలేదు. పెట్టుబడులు బయటికి పోకుండా 1931 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం తెచ్చింది. అప్పుడు 2,00,000 రైష్‌మార్కులకు (అప్పటి జర్మన్ కరెన్సీ, పొట్టిగా మార్కులు) మించిన ఆస్తికే వర్తించేది. 1934 మేలో ఆ హద్దును 50,000కు దించడంతో మధ్యతరగతి కుటుంబాలు కూడా ఇందులో చిక్కుకున్నాయి. ఆస్తిలో నాలుగోవంతు కట్టాలి. ఈ రసీదు కనిపిస్తే కుటుంబం స్థితిని అంచనా వేయొచ్చు.

1938 ఏప్రిల్ 26 నాటి ఉత్తర్వు ప్రకారం 5,000 మార్కులకు మించిన ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ లెక్క అప్పజెప్పాలి. నాలుగు పేజీల ఫారం. బంగారం, బీమా, పింఛను, అప్పులు అన్నీ అందులో ఉంటాయి. కుటుంబ ఆర్థిక చరిత్రకు ఇంతకన్నా వివరమైన కాగితం దొరకడం కష్టం. కానీ ఇది బలవంతాన రాయించిన లెక్క అని మరవకండి. దోచుకోబోయేవాడికి అప్పజెప్పిన జాబితా అది.

1938 నవంబరులో యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద జరిగిన విధ్వంసం తర్వాత యూదుల మీదే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. ఆ ఏప్రిల్ లెక్కే ఆధారం. 20 శాతాన్ని నాలుగు వాయిదాల్లో కట్టమన్నారు: 1938 డిసెంబరు 15, తర్వాత 1939 ఫిబ్రవరి, మే, ఆగస్టు 15లు. ఆపైన నవంబరులో ఐదోది కలిపి మొత్తం 25 శాతం చేశారు. ఆ తేదీల దగ్గర బ్యాంకు రసీదులుంటే అవి దీనివే. చివరి వాయిదా రసీదు లేదంటే కట్టలేదని కాదు, అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు.

ఇంత కట్టాక ఊన్‌బెడెంక్‌లిష్‌కైట్స్‌బెషైనిగుంగ్ ఇచ్చేవారు. పన్నుబాకీ లేదన్న ధ్రువపత్రం. గడువు స్వల్పం కాబట్టి ఒకే మనిషి పేర రెండుమూడు దొరుకుతాయి. నకళ్లనుకుని పక్కన పడేయకండి. ఒక్కో కొత్త పత్రం వెనకా వీసా ఆలస్యమో ఓడ తప్పిపోవడమో ఉంటుంది.

మిగిలిన డబ్బు దిగ్బంధ ఖాతాలోకి, అంటే సొంతదారు స్వేచ్ఛగా తీసుకోలేని ఖాతాలోకి పోయేది. దాన్ని విదేశీ ద్రవ్యంగా మార్చాలంటే 1934 ఆగస్టులో 65 శాతం, 1939 సెప్టెంబరు నుంచి 96 శాతం కోత. చేతిలో పట్టుకెళ్లనిచ్చింది 10 మార్కులు. పాస్‌పోర్టు వెనక పేజీల్లో ఆ 10 మార్కుల మారకం తాలూకు బ్యాంకు ముద్ర తరచూ కనిపిస్తుంది. ఆ ముద్ర తేదీ బయల్దేరిన రోజుకు చాలా దగ్గర.

3. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు

1938 అక్టోబరు 5 నాటి ఉత్తర్వుతో జర్మన్ యూదుల పాస్‌పోర్టులన్నీ చెల్లకుండా పోయాయి. తెచ్చిచ్చి, మొదటి పేజీలో పెద్ద ఎర్ర ‘జె’ అక్షరం ముద్ర వేయించుకుంటేనే మళ్లీ చెల్లుబాటు. 1939 జనవరి 1 నుంచి మగవాళ్లు ఇజ్రాయెల్, ఆడవాళ్లు జారా (మన ఉచ్చారణలో సారా) అన్న పేరు తమ పేరుకు జోడించుకోవాలి. కాబట్టి జాబితా తయారుచేసేటప్పుడు ఆ పేరును అసలు పేరులో కలపకండి. ‘బలవంతపు పేరు’ అని వేరే గడిలో రాయండి. లేకపోతే వెతుకులాటలో వందలాది జారాలు ఒకరితో ఒకరు కలిసిపోతారు, పైగా ఆ అవమానాన్ని మనమే కొనసాగించినట్టవుతుంది.

1936లో ఇచ్చిన పాస్‌పోర్టు మీద ‘జె’ ఉంటే ఆశ్చర్యం లేదు, తర్వాత వేశారు. 1937లోనే దేశం దాటినవాళ్ల పాస్‌పోర్టులో అది లేకపోయినా అనుమానించక్కర్లేదు. విదేశంలో జర్మన్ కాన్సులేటుకు రెన్యువల్‌కి వెళ్లినవాళ్లకు మాత్రం అక్కడ వేశారు. అసలు అనుమానించాల్సింది వేలంలో కొన్నవాటిని. ఈ ముద్ర ఉంటే ధర పెరుగుతుంది కాబట్టి మామూలు జర్మన్ పాస్‌పోర్టుల మీద దొంగముద్రలు వేసి అమ్మేవాళ్లున్నారు. నాలుగు చూడండి: పాస్‌పోర్టు 1938 అక్టోబరు 5 తర్వాత వాడకంలో ఉందా, 1939లో వాడినదైతే ఇజ్రాయెల్ లేదా జారా చేర్చారా, లోపల వలస వీసాలు, రేవు ముద్రలు ఉన్నాయా, ఎర్ర సిరా పక్కనున్న ముద్రల్లాగే పాతబడి కాగితంలోకి ఇంకిందా. మొదటి మూడూ ‘లేదు’ అయితే నిపుణులకు చూపించండి.

కెన్‌కార్టె అనే గుర్తింపు కార్డుకు యూదులందరూ 1938 డిసెంబరు 31లోగా దరఖాస్తు చేయాలి. అందులో ఫొటో కాస్త పక్కకు తిప్పి, ఎడమ చెవి కనిపించేలా తీసి ఉంటుంది. రెండు చూపుడువేళ్ల ముద్రలు కూడా. ఇదే భంగిమ ఫొటోలు విడిగా ఆల్బంలో కనిపిస్తే అవి ఈ కార్డుకోసం తీయించినవని, 1938 రెండోసగంలోవని దాదాపు నమ్మొచ్చు.

ఎక్కడికి పోయారన్నది కాగితాల రకమే చెబుతుంది. అమెరికా అయితే అక్కడి బంధువు ఇచ్చిన పూచీ పత్రం, బ్యాంకు నిల్వ లేఖ, కాన్సులేటు ఇచ్చిన నిరీక్షణ సంఖ్య. 1938లో ఆస్ట్రియాను జర్మనీలో కలిపాక అమెరికా ఈ రెంటికీ కలిపి ఇచ్చే వలస వీసాల కోటా ఏడాదికి 27,370 మాత్రమే కాబట్టి పెద్ద సంఖ్య అంటే ఏళ్ల తరబడి ఎదురుచూపు. పాలస్తీనాకు పెట్టుబడిదారు సర్టిఫికెట్ అయితే 1,000 పౌండ్ల రుజువు. షాంఘైకి 1939 ఆగస్టు దాకా వీసా లేకుండానే దిగనిచ్చారు. అందుకే గమ్యం వీసా లేకుండా ఇటలీ సరిహద్దు ముద్ర, ఇటాలియన్ ఓడ టికెట్ మాత్రమే ఉన్న పాస్‌పోర్టు అసంపూర్ణమని అనుకోవద్దు. ఇంగ్లండుకు 1938 డిసెంబరు 2న హార్విచ్‌లో దిగిన తొలి బృందంతో మొదలై సుమారు 10,000 మంది పిల్లలు తల్లిదండ్రులు లేకుండా వెళ్లారు. వాళ్ల దగ్గర పాస్‌పోర్టు బదులు ఫొటో అంటించిన ప్రవేశపత్రం, మెడకు వేసుకున్న సంఖ్య బిళ్ల ఉంటాయి. ఆ బిళ్ల సంఖ్యను తప్పకుండా నమోదు చేయండి. దారాన్ని తీసేయకండి.

బొంబాయి చేరినవాళ్ల కాగితాల్లో 1934లో అక్కడ మొదలైన జ్యూయిష్ రిలీఫ్ అసోసియేషన్ లేఖలు, 1939 చట్టం కింద విదేశీయుల నమోదు పత్రాలు కనిపిస్తాయి. యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం వీళ్లలో చాలామందిని శత్రుదేశస్థులుగా లెక్కగట్టింది. మనిషి ఎవరని కాక పాస్‌పోర్టు ఏదని చూసింది. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ అండతో వచ్చిన ఇంగ్లిషు త్రైమాసికానికి సంపాదకత్వం వహించిన ముహమ్మద్ అసద్, పుట్టుకతో లెంబర్గ్ యూదుడు, ఇస్లాం స్వీకరించినవాడు, ఆస్ట్రియా పౌరుడు కావడంవల్ల 1939 నుంచి 1945 దాకా నిర్బంధ శిబిరాల్లోనే గడిపాడు. అలాంటివారి ఫైళ్లకోసం జాతీయ అభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంటిపేరును రెండుమూడు స్పెల్లింగులతో వెతకండి.

4. సామాన్ల జాబితా: దీనికి సమయం ఇవ్వండి

ఉమ్‌త్సుగ్స్‌గూట్ జాబితా అంటే వెంట తీసుకెళ్లే ప్రతి వస్తువు పట్టీ. విదేశీ మారక కార్యాలయానికి ముందే ఇచ్చి అనుమతి తీసుకోవాలి. పల్చటి కాగితం మీద కార్బన్ నకలుగా దొరుకుతుంది, చాలాసార్లు పదిపన్నెండు పేజీలు. ఆసక్తిలేని చిట్టాగా కనిపిస్తుందేమో గానీ, మొత్తం పెట్టెలో ఇదే అన్నిటికన్నా విలువైనదని మా అభిప్రాయం.

వస్తువులను మూడు వర్గాలుగా విడదీసి రాయాలి: 1933కు ముందు కొన్నవి, ఆ తర్వాత కొన్నవి, వలసకోసం కొత్తగా కొన్నవి. దుప్పట్లు 12, కొన్న ఏడు 1927. మగవాళ్ల చొక్కాలు 8, 1935. కుట్టుమిషన్ 1, 1938. ఇలా సాగుతుంది. మూడో వర్గం మీద గోల్డ్‌డిస్కాంట్ బ్యాంకు అనే ప్రభుత్వ బ్యాంకుకు సొమ్ము కట్టాలి. అది వస్తువు ఖరీదంతా ఉండొచ్చు, అంతకు మించీ ఉండొచ్చు. అందుకని ముందు మూడో వర్గాన్నే చదవండి. కెమెరా, టైపురైటరు, కుట్టుమిషన్, వైద్యుడి పరికరాలు ఉంటే, కొత్త దేశంలో ఏం చేసి బతకాలనుకున్నారో అది చెబుతుంది. తర్వాత రంగు పెన్సిల్ గీతల్ని చూడండి. అధికారి మదింపుదారు కొట్టేసినవి, ధర మార్చినవి అవే. కొట్టేసిన వరుసల్నీ పూర్తిగా నమోదు చేయండి. ఆ వస్తువులు ఆ ఇంటికి చివరిసారి కనిపించింది ఆ వరుసలోనే.

ఇప్పుడు జాబితాను మీ ముందున్న సామాన్లతో పోల్చండి. వెండితో మొదలుపెట్టండి. 1939 ఫిబ్రవరి 21 నాటి ఉత్తర్వు ప్రకారం బంగారం, వెండి, ప్లాటినం, రత్నాలు, ముత్యాలు అన్నీ ప్రభుత్వ తాకట్టు కార్యాలయాలకు అప్పజెప్పాలి. మినహాయింపు చాలా తక్కువ: పెళ్లి ఉంగరాలు, వెండి గడియారం, మనిషికి రెండు జతల వాడిన కత్తి, ముళ్లచెంచా, పెద్ద చెంచా, చిన్న చెంచా. ఇవిగాక ఒక్కోటి 40 గ్రాములకు, మొత్తం 200 గ్రాములకు మించని వెండి వస్తువులు. చెంచాలను వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక్కొక్కటిగా తూచి రాయండి. కాడ వెనక నెలవంక, కిరీటం, 800 అన్న అంకె ఉంటే జర్మనీలో చేసిన అసలు వెండి, 80 శాతం స్వచ్ఛత. ఇద్దరు మనుషుల కుటుంబంలో సరిగ్గా నాలుగు జతలు మిగిలి ఉంటే అది యాదృచ్ఛికం కాదు. అంతకుమించి ఉంటే, ఫిబ్రవరికి ముందే బయల్దేరారా అని పాస్‌పోర్టు ముద్రల్లో చూడండి. వెండిని మాత్రం మెరుగుపెట్టకండి. పేరు పొడి అక్షరాలు చెరిగిపోతాయి.

జాబితాలో బీరువా, పియానో, పుస్తకాలు ఉండి, అవేవీ చేరలేదని ఉత్తరాలు చెబుతుంటే ‘లిఫ్ట్’ అన్న మాటకోసం వెతకండి. ఇల్లంతా పట్టే పెద్ద చెక్క కంటైనర్‌ను అలా పిలిచేవారు. కస్టమ్స్ అధికారి ఎదుటే ప్యాక్ చేసి సీలు వేయించాలి. 1939 సెప్టెంబరులో యుద్ధం రావడంతో వేలకొద్దీ లిఫ్టులు హాంబర్గ్, బ్రెమెన్ రేవుల్లో చిక్కుకుపోయాయి. 1941 నుంచి నాజీ రహస్య పోలీసు దళం గెస్టాపో వాటిని స్వాధీనం చేసుకుని వేలం వేయించింది. రవాణా కంపెనీ బిల్లు మీది పెట్టె సంఖ్య, బరువు, ఓడ పేరు రాసుకుని బ్రెమర్‌హావెన్‌లోని జర్మన్ నౌకా మ్యూజియం వారి లాస్ట్‌లిఫ్ట్ డేటాబేసులో వెతకండి. కుటుంబం పేరుతో దొరక్కపోతే రవాణా కంపెనీ పేరుతో ప్రయత్నించండి.

5. ఉత్తరాలు, చేతిరాత, ఊళ్ల పేర్లు

పెద్దవాళ్ల ఉత్తరాలు కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో, బడి పిల్లలవి దాన్ని సులువు చేసిన జూటర్లిన్‌లో ఉంటాయి. ఈనాటి జర్మన్లకే అవి చదవడం రాదు. అక్షరమాల పట్టిక పక్కన పెట్టుకుని, ముందు తేదీ, సంబోధన, సంతకం చదవండి. అవి మీకు తెలిసిన పేర్లే కాబట్టి ఆ చేతిరాతలోని అక్షరాలు వాటినుంచే పట్టుబడతాయి. ఎన్, ఇ, యు అక్షరాలు ఒకేలా ఉంటాయి. యు మీద చిన్న వంపు గీత ఉంటుంది, దాన్ని ఉమ్లౌట్ చుక్కలు (ఉచ్చారణ మార్చడానికి అచ్చుల మీద పెట్టే రెండు చుక్కలు) అనుకుంటే పేరు మారిపోతుంది.

యుద్ధం మొదలయ్యాక రెడ్‌క్రాస్ ఫారాల మీద 25 మాటలే రాయనిచ్చారు. జవాబు అదే ఫారం వెనక రాసేవారు కాబట్టి రెండువైపులా చూడాలి, రెండు తేదీలూ తీసుకోవాలి. మధ్య నాలుగైదు నెలలు గడిచి ఉంటాయి. ఉత్తరాల్లో ‘ప్రయాణం’, ‘ఊరు మారుతున్నాం’ లాంటి మాటలు 1941 శరత్కాలం తర్వాత వస్తే, అవి తూర్పున ఉన్న ఘెట్టోలకు, మరణశిబిరాలకు తరలింపు గురించి కావచ్చు. సెన్సారుకు భయపడి రాసిన మాటలవి.

ఊళ్ల పేర్లు ఇప్పుడు వేరు: బ్రెస్లావ్ ఇప్పటి వ్రోత్స్వాఫ్, కోనిగ్స్‌బెర్గ్ కలినిన్‌గ్రాద్, లెంబర్గ్ ల్వీవ్. కాగితం మీదున్న పేరును అలాగే రాసి, ఇప్పటి పేరు పక్కన చేర్చండి.

6. స్కానింగ్, నిల్వ

కాగితాలు 400 డీపీఐ, ఫొటోలు 600, అగ్గిపెట్టె సైజు ఫొటోలు 1200. అన్నీ కలర్‌లోనే. నలుపు తెలుపు చేస్తే ముద్రల ఎరుపు, పెన్సిల్ నీలం పోతాయి. మూల ప్రతి టిఫ్, వాడుకకు జేపెగ్. ఖాళీగా ఉన్నా వెనకవైపు స్కాన్ చేయండి. ఫీడర్ ఉన్న స్కానర్‌లో వేయకండి, పల్చటి కార్బన్ నకలు నలిగిపోతుంది.

నెగటివ్‌లుంటే జాగ్రత్త. ఆ కాలపు ఫిల్ము నైట్రేట్ కావచ్చు, తేలిగ్గా అంటుకుంటుంది. పసుపుబారి జిగటగా ఉన్నా, ఘాటైన ఆమ్లవాసన వేసినా గాలి చొరబడని డబ్బాలో పెట్టకండి. చల్లటి చోట విడిగా ఉంచి కన్జర్వేటర్‌ను, అంటే పాత వస్తువుల సంరక్షణ నిపుణుణ్ని పిలవండి.

యాసిడ్, లిగ్నిన్ లేని ఫోల్డర్లు, పెట్టెలు, పాలియెస్టర్ కవర్లు వాడండి. పీవీసీ కవర్లు సిరాను పీల్చుకుంటాయి. ల్యామినేషన్, సెలోటేప్ చేస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేం. తేమ 35 నుంచి 50 శాతం మధ్య, ఎక్కువ తక్కువలు లేకుండా నిలకడగా ఉండాలి. అటకా వద్దు, నేలమాళిగా వద్దు. ఆల్బం పేజీలు విప్పకండి, మధ్యలో పల్చటి యాసిడ్ లేని కాగితం పెట్టండి. సూట్‌కేసుకు తోలు నూనె రాయకండి, ఓడ కంపెనీ స్టిక్కర్లు ఊడిపోతాయి. లోపల టిష్యూ కాగితం కూరి ఆకారం నిలపండి. కానీ కాగితాలను మళ్లీ అందులో పెట్టకండి.

7. వెతకడం, అప్పగించడం

బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ కుటుంబాల ఆస్తి ఫైళ్లు పోట్స్‌డామ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్‌లో రెప్. 36ఏ అనే ఫైళ్ల వర్గం కింద, హాంబర్గ్‌వి అక్కడి రాష్ట్ర ఆర్కైవ్‌లో 314-15 కింద, వియన్నావారి ఆస్తి లెక్కలు ఆస్ట్రియా జాతీయ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మీ దగ్గరున్న జాబితా కార్బన్ నకలైతే, అధికారి వ్యాఖ్యలున్న ప్రతి అక్కడ దొరకొచ్చు. జర్మనీలోని బాడ్ అరోల్సెన్‌లో నాజీ బాధితుల రికార్డులు దాచే అరోల్సెన్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ జాబితాల్లో 1930లలోనే వెళ్లిపోయినవాళ్లు చాలాసార్లు ఉండరు, వెనక ఉండిపోయిన తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉంటారు. కాబట్టి ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లతో వెతకండి. ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ పేర్ల డేటాబేసు, జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్ స్మారక గ్రంథం కూడా చూడాలి.

పెట్టె మీ కుటుంబానిది కాకపోతే వారసుల్ని వెతకడం మొదటి బాధ్యత. ఇందులో మనసుకు సంబంధించినదే కాదు, హక్కుకు సంబంధించినదీ ఉంది. జర్మన్ రాజ్యాంగం 116వ అధికరణం ప్రకారం పౌరసత్వం లాక్కున్నవారి సంతానం దాన్ని తిరిగి కోరవచ్చు. పాత పాస్‌పోర్టు, జనన, వివాహ పత్రాలే అందుకు రుజువులు. అందుకే వేలానికి పెట్టి ఒక్కో కాగితం ఒక్కొక్కరికి అమ్మడం మేం ఒప్పుకోలేని పని. బతికున్నవాళ్ల పేర్లు, చిరునామాలున్న కాగితాల్ని సోషల్ మీడియాలో పెట్టకండి. ఊరు, ఇంటిపేరు, సంవత్సరం మాత్రం చెప్పి ఆర్కైవ్ ద్వారా విచారించండి.

వారసులు దొరక్కపోయినా, వాళ్లే దానం చేయాలనుకున్నా, న్యూయార్క్, బెర్లిన్‌లలో లియో బెక్ ఇన్‌స్టిట్యూట్, లండన్‌లో వీనర్ హోలోకాస్ట్ లైబ్రరీ, బెర్లిన్ యూదు మ్యూజియం, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మెమోరియల్ మ్యూజియం ఇలాంటి సేకరణలు తీసుకుంటాయి. ముందుగా మీ సంఖ్యల పట్టిక, నాలుగైదు స్కాన్లు పంపండి, పెట్టె పంపకండి. దానపత్రం మీద సంతకం చేసేముందు నాలుగు అడగండి: కాగితాలు, వస్తువులు ఒకేచోట ఉంచుతారా, ఉంచకపోతే రెండిటికీ ఒకే సంఖ్య ఇస్తారా, కుటుంబానికి పూర్తి స్కాన్లు ఇస్తారా, ఉత్తరాల కాపీరైట్ ఎవరిదని రాస్తున్నారు. పాత సూట్‌కేసు, చెంచాలు మాకొద్దు, కాగితాలే చాలు అని కొన్ని సంస్థలంటాయి. అప్పుడు వాటిని మ్యూజియానికి ఇచ్చి, ఆర్కైవ్ ఇచ్చిన సంఖ్యను ఆ వస్తువులకు కట్టిన నూలు దారపు చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. మ్యూజియం ఇచ్చిన సంఖ్యను ఆర్కైవ్‌కు తెలియజేసి, వాళ్ల కేటలాగులో చేర్చారో లేదో రాతపూర్వకంగా నిర్ధారించుకోండి.